అడవి దారిలో బండి ఆగిపోతే ఏం చేయాలి: పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు బైక్ మీద వెళ్లేవాళ్లకు

వానలు పడి ములుగు జిల్లాలోని బొగత జలపాతం దూకడం మొదలైందంటే చాలు, హన్మకొండలో తెలిసినవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, తమ్ముళ్ల దోస్తులు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, పొద్దున బండ్ల మీద బయల్దేరుతున్నం, నడుమ అడవిలో బండి ఆగితే ఎట్ల?" ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పీ చెప్పీ కొన్ని మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు. పదిహేనేళ్లుగా ఈ దారుల్లో కార్బరేటర్ బండి (పెట్రోల్ ట్యాంకులోంచి దానంతటదే కిందికి దిగేది) మీద, ఆ తర్వాత ఇంజెక్షన్ బండి (పెట్రోల్‌ను కరెంటు పంపు నెట్టేది) మీద తిరుగుతున్నవాణ్ని. కింద రాసినవాటిలో చాలావరకు దారి పక్కన కూర్చుని చేసి నేర్చుకున్నవే.

ములుగు దాటేదాకా పెద్ద టెన్షన్ లేదు, ప్రతి ఊళ్లో ఒక మెకానిక్ షెడ్డు, ఒక పంక్చర్ షాపు కనిపిస్తాయి. పస్రా దాటాకే అసలు అడవి. తాడ్వాయి, అక్కణ్నించి ఏటూరునాగారం, గోదావరి మీద ముల్లకట్ట బ్రిడ్జి, ఆవల వాజేడు. మెయిన్ రోడ్డు, అంటే 163వ జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఏదో ఒక బండి వస్తూనే ఉంటుంది. మేడారం వైపో, లోపలి గూడేలకో తిరిగితే మాత్రం ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా పోతాయి. జాతర రోజుల్లో జనంతో కిక్కిరిసే దారే మామూలు రోజు మధ్యాహ్నం ఎంత ఖాళీగా ఉంటుందో ఒకసారి వెళ్లినవాళ్లకు తెలుసు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ దారుల్లో బండి ఆగేది ఎక్కువసార్లు చిన్న కారణానికే. ఆ చిన్న కారణం వెతకడంలో వెలుతురు అయిపోవడం, చీకట్లో ఒక్కడే నడుచుకుంటూ పోవడం, ఆ కంగారులో ఇంకోటి విరగ్గొట్టుకోవడం, మనిషిని ఇబ్బంది పెట్టేవి ఇవి. అందుకే రిపేర్‌కి ఒక టైం పెట్టుకోండి. నేను పెట్టుకునేది అరగంట. అరగంటలో కారణం దొరక్కపోతే ఆ పని వదిలేసి, బయటపడే పని మొదలుపెడతాను.

వెంట ఏం ఉండాలి

సీటు కింద కంపెనీవాళ్లిచ్చిన పనిముట్ల సంచి ఉందో లేదో ఈ రోజే చూడండి, సెకండ్ హ్యాండ్ బండి అయితే చాలావరకు ఉండదు. కావలసినవి: ప్లగ్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) విప్పే పానా, మీ బండికి సరిపోయే కొత్త ప్లగ్ ఒకటి, 10, 12, 14 నంబర్ల పానాలు, వెనక చక్రం నట్టుకు సరిపోయే పెద్ద పానా, రెండు తలల స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, బ్లేడు. ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న పంపు. ఒక క్లచ్ వైరు, ఒక చైన్ లాకు, మీ బండి నంబరు ఫ్యూజులు రెండు, కరెంటు టేపు, పది పదిహేను అడుగుల గట్టి తాడు, రెండు మూడు పాత గుడ్డలు. తలకు కట్టుకునే టార్చ్ ఉంటే మంచిది, ఫోన్ లైటు పట్టుకుని ఒక్క చేత్తో ప్లగ్ విప్పలేరు, పైగా చార్జింగ్ అక్కడే అయిపోతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ.

పనిముట్లు కొని సంచిలో పడేస్తే సరిపోదు. ఇంటి ముందే ఒకసారి ప్లగ్ విప్పి బిగించి చూడండి. కొన్ని బండ్లకు ట్యాంకు కిందికి పానా దూరదు, కొన్నిటికి పక్క కవరు విప్పితే గానీ ప్లగ్ కనబడదు. ఆ సంగతి తాడ్వాయి అడవిలో తెలిసే కంటే మీ వాకిట్లో తెలియడం మేలు.

బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, సిగ్నల్ లేకపోయినా మీరు ఎక్కడున్నారో చూపిస్తుంది. ఏ దారిలో పోతున్నారు, ఎన్ని గంటలకు ఎక్కడుంటారు అన్నది ఇంట్లో ఒకరికి చెప్పండి. "బొగత పోతున్నం" అంటే చాలదు. "మధ్యాహ్నం రెండుకల్లా ఏటూరునాగారం వచ్చి ఫోన్ చేస్తా, నాలుగు దాటినా చేయకపోతే నువ్వు చెయ్యి" అని చెప్పాలి.

ఆగిన వెంటనే

1. బండిని రోడ్డు మీదినుంచి దింపండి, మలుపులో మాత్రం వదలకండి. ఈ దారిలో లారీలు వేగంగా వస్తాయి, చెట్ల నీడలో నల్ల బండి వాళ్లకు కనబడదు. మలుపు దగ్గర ఆగితే యాభై అడుగులైనా తోసుకుని సాపు రోడ్డు దగ్గరికి తెచ్చుకోండి. వెనక ముప్పై నలభై అడుగుల దూరంలో ఒక పచ్చి కొమ్మ విరిచి రోడ్డు అంచున పెట్టండి, ఆ గుర్తు ఇక్కడ డ్రైవర్లందరికీ తెలుసు. వెళ్లేటప్పుడు దాన్ని తీసేయడం మర్చిపోవద్దు.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. ఫిబ్రవరి నుంచి మే దాకా రోడ్డు పక్కన ఎండుటాకులు మెత్తల్లా పేరుకుని ఉంటాయి. కాలుతున్న సైలెన్సర్‌ని వాటి మీద పెడితే నిప్పు అంటుకుంటుంది. కాలితో ఆకులు పక్కకు నెట్టి, మట్టి కనబడ్డాకే స్టాండ్ వేయండి.

2. టైం చూడండి, సిగ్నల్ చూడండి, కిలోమీటరు రాయి చూడండి. సిగ్నల్ ఒక్క గీతే ఉంటే కాల్ కలవకపోవచ్చు, మెసేజ్ మాత్రం చాలాసార్లు పోతుంది. "తాడ్వాయి దాటి ఏటూరునాగారం వైపు, ఫలానా రాయి దగ్గర బండి ఆగింది, ఇప్పుడు మూడున్నర" అని ఇంటికి మెసేజ్ పెట్టేయండి. తర్వాత బండి స్టార్ట్ అయితే ఇంకో మెసేజ్ పెడతారు, అంతే కదా. దెబ్బలు తగిలితే 108, ప్రమాదం అనిపిస్తే 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112 కలుస్తుంది. జాతీయ రహదారి మీదే ఉంటే రహదారి హెల్ప్‌లైన్ 1033 కూడా ఉంది.

3. పానా ముట్టుకోకుండా ఐదు నిమిషాలు చూడండి. ఈ మెట్టును అందరూ దాటేస్తారు. ఎలా ఆగింది? గుటగుట కొట్టుకుంటూ మెల్లగా ఆగితే చాలావరకు పెట్రోల్ సంగతి. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే కరెంటు సంగతి. పెద్ద చప్పుడు చేసో, చక్రం పట్టేసినట్టయ్యో ఆగితే మళ్లీ స్టార్ట్ చేయాలని చూడకండి, నేరుగా 11వ మెట్టుకు వెళ్లండి.

ఐదేళ్ల కింద మా బావా నేనూ వాజేడు నుంచి తిరిగి వస్తుంటే ముల్లకట్ట బ్రిడ్జి దాటాక ఒక గుంతలో పడి బండి ఆగింది. బావ వెంటనే సీటు పీకాడు, ప్లగ్ విప్పాం, ఫ్యూజు చూశాం, నలభై నిమిషాలు ఎండలో చెమటలు కక్కాం. చివరికి చూస్తే హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ ఆఫ్‌లో ఉంది. గుంతలో పడ్డప్పుడు బావ బొటనవేలు తగిలినట్టుంది. అప్పటినుంచి నేను ఏది విప్పాలన్నా ముందు ఈ నాలుగూ చూస్తాను: ఎర్ర స్విచ్, సైడ్ స్టాండ్, ట్యాంకులో పెట్రోల్, బ్యాటరీ వైర్ల బిగువు. కొత్త బండ్లలో సైడ్ స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, బురద పట్టి ఆ స్టాండ్ స్విచ్ ఇరుక్కున్నా అంతే. నీళ్లు పోసి కడిగి, స్టాండ్‌ని నాలుగైదుసార్లు కిందికీ మీదికీ ఆడించండి. బండి పక్కకు పడి ఆగిందా? చాలా ఇంజెక్షన్ బండ్లకు పడిపోయినట్టు గుర్తించే సెన్సర్ ఉంటుంది. తాళం పూర్తిగా ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ ఆన్ చేస్తేనే అది వదులుతుంది.

స్టార్ట్ కాకపోతే

4. పెట్రోల్ ఇంజిన్‌దాకా వస్తోందా చూడండి. మీటర్ ముల్లును నమ్మకండి, మూత తీసి బండిని ఊపి చప్పుడు వినండి. కార్బరేటర్ బండి అయితే ట్యాపు రిజర్వ్‌కు తిప్పండి. రిజర్వ్ కూడా అయిపోతే ఒక ఉపాయం ఉంది. ట్యాంకు అడుగు నడుమ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ట్యాపు లేని వైపు కొంచెం పెట్రోల్ నిలిచిపోతుంది. మూత గట్టిగా పెట్టి, బండిని ట్యాపు ఉన్న వైపుకు బాగా వంచి పట్టుకుంటే ఆ పెట్రోల్ ఇవతలికి వస్తుంది. దానితో రెండు మూడు కిలోమీటర్లు పోవచ్చు, ఈ దారిలో ఒక గూడెం చేరడానికి ఒక్కోసారి అది చాలు.

ఎండలో చాలాసేపు నడిచాక ఆగితే ట్యాంకు మూత ఒకసారి తెరిచి మూయండి. మూతలో గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు. తెరవగానే "హుస్" అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చిందంటే కారణం దొరికినట్టే.

ఇంజెక్షన్ బండి అయితే తాళం ఆన్ చేసి చెవి ట్యాంకు దగ్గర పెట్టండి, రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్యిమని పంపు తిరగాలి. చప్పుడే లేకపోతే ఫ్యూజులు, బ్యాటరీ వైర్లు చూడండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌వే కాబట్టి మీది ఏదో ముందే తెలుసుకోండి.

సీసా పెట్రోల్ గురించి. ఊళ్లలో కిరాణా కొట్లలో అమ్ముతారు, అవసరానికి కొనక తప్పదు. కానీ నేరుగా ట్యాంకులో పోయకండి. తెల్లటి ప్లాస్టిక్ సీసాలో పోయించుకుని, కదపకుండా ఐదు నిమిషాలు నీడలో నిలబెట్టండి. అడుగున వేరే రంగు పొర, లేదా గుండ్రటి బుడగలు కనబడితే అది నీళ్లు. సీసా కళ్లకెదురుగా పట్టుకుని కొంచెం వంచితే ఆ పొర పెట్రోల్ కింద విడిగా, బరువుగా జారుతుంది, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పైది మాత్రం మెల్లగా వంచుకుని అడుగుది పారబోయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, అందుకే వానాకాలంలో ఎన్నాళ్లనుంచో నిలవున్న సీసాలను నేను ముట్టుకోను.

5. ప్లగ్ విప్పి చూడండి. ముందు ఇంజిన్ చల్లారనివ్వండి, కనీసం ఇరవై నిమిషాలు. వేడి మీద విప్పితే మర కోసుకుపోతుంది, అది కోసుకుపోయిందంటే ఇంజిన్ హెడ్డు పనే. ప్లగ్ చుట్టూ మట్టిని ఊది తుడిచాకే విప్పండి, లేకపోతే ఆ మట్టి సిలిండర్‌లో పడుతుంది.

బయటికి తీసిన ప్లగ్ మీకు కథంతా చెబుతుంది. తడిగా, పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తోంది, మంట రావడం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు, నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి. నల్లగా మసి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, మొనల మధ్య సందులో మసి గీకేయండి. మొనను వంచకండి.

నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలంటే ప్లగ్‌ని క్యాపులో పెట్టి, దాని ఇనుప ఒంటిని ఇంజిన్ ఇనుముకు ఆనించి, రబ్బరు క్యాపు పట్టుకుని ఇంకొకరితో కిక్ కొట్టించండి. నీడలో నీలంగా టిక్ టిక్ అని రవ్వ కనబడాలి. ఇది ప్లగ్ రంధ్రానికి దూరంగా చేయాలి, చుట్టూ ఒలికిన పెట్రోల్ ఉండకూడదు, ట్యాంకు మూత పెట్టి ఉండాలి. రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి తన్నుకొస్తుంది, దాని పక్కనే రవ్వ కొడితే ముఖం కాలుతుంది. రవ్వ రాకపోతే కొత్త ప్లగ్ పెట్టి చూడండి. దానికీ రాకపోతే ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ దగ్గర వైరు ఊడిందేమో చూడండి, అదీ కాకపోతే అడవిలో చేసేదేమీ లేదు.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. పానాతో మొదలుపెట్టకండి. వేళ్లతో తిప్పండి, నాలుగైదు చుట్లు తేలిగ్గా పోవాలి. వేళ్లతో బిగిసిపోయాక పానాతో కొత్త ప్లగ్ అయితే అర చుట్టు, పాతదైతే అందులో సగం. బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం మర ఊడుతుంది.

6. బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చేయండి. తాళం ఆన్, రెండో గేరు, క్లచ్ పట్టి, దిగుడు వైపుకు తోసి, వేగం అందగానే క్లచ్ వదిలి వెంటనే మళ్లీ పట్టండి. ఫస్ట్ గేరులో చేస్తే చక్రం పట్టేసి మీరు ముందుకు పడతారు. కార్బరేటర్ బండి ఇలా లేస్తుంది. ఇంజెక్షన్ బండికి పంపు తిరిగేంత చార్జింగ్ అయినా మిగిలి ఉండాలి, మీటర్ లైట్లే వెలగకపోతే ఎంత తోసినా దండగ. మూడుసార్లకు లేవకపోతే ఆపేయండి, ఎండలో బండి తోసి వడదెబ్బ తెచ్చుకోవద్దు.

పంక్చర్

7. మేకు కనబడగానే పీకకండి. ట్యూబ్‌లెస్ టైరైతే మేకు లోపలే ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది. పంపుతో నింపి పది నిమిషాలాగి చూడండి, గాలి నిలుస్తుంటే మేకుతోనే పస్రాకో, ఏటూరునాగారానికో మెల్లగా పోయి షాపులో వేయించుకోవడం మేలు.

గాలి నిలవకపోతే మీరే వేయాలి. మేకు ఏ వంపులో దిగిందో గుర్తుపెట్టుకుని ప్లేయర్‌తో పీకండి. కిట్‌లో ఉండే గరుకు సూదిని అదే వంపులో దించి ఎనిమిది పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి, మొదటిసారి చాలా బలం పడుతుంది, భయపడొద్దు. రబ్బరు పట్టీని రెండో సూది కంట్లో నడిమికి ఎక్కించి, జిగురు పూసి, రెండు కొసలు సెంటీమీటరున్నర బయట మిగిలేలా లోపలికి దించి, సూదిని ఒక్క ఊపున లాగేయండి. మెల్లగా లాగితే పట్టీ కూడా వెంట వచ్చేస్తుంది. కొసలను టైరుకు మరీ దగ్గరగా కోయకండి, రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. గాలి నింపి, ఆ చోట నీళ్లు పోసి చూడండి, బుడగ రాకూడదు. మేకు టైరు పక్క గోడలో దిగితే మాత్రం పట్టీ వేసి ప్రయాణం చేయకండి, అది నిలవదు.

ట్యూబ్ టైరైతే కష్టమే. టైరు లీవర్లు, కొత్త ట్యూబు తెచ్చుకుని, ఇంతకు ముందు ఒక్కసారైనా చేసి ఉంటే చేయండి. లేకపోతే ఇంజిన్ స్టార్ట్ చేసి ఫస్ట్ గేరులో, మీరు పక్కన నడుస్తూ తీసుకెళ్లండి. గాలి లేని చక్రం మీద కూర్చుని నడిపితే ట్యూబు ముక్కలవుతుంది, తర్వాత రిమ్ము వంగుతుంది.

చైన్, క్లచ్ వైరు

8. చైన్ ఊడితే తాళం తీసి జేబులో పెట్టుకుని, అప్పుడు ముట్టుకోండి. ఇంజిన్ ఆన్‌లో గేరు వేసి చైన్ ఎక్కించాలని చూసి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఈ ఒక్క మాట దయచేసి గట్టిగా పట్టుకోండి. బండిని డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, వెనక పళ్ల చక్రం కింది పళ్లకు చైన్ తగిలించి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఎక్కుతుంది. వేళ్లు చైన్‌కీ పళ్లకీ మధ్య పెట్టకుండా స్క్రూడ్రైవర్‌తో తోయండి.

తెగితే చైన్ లాకు పనికొస్తుంది. ఆ లాకు క్లిప్పుకు ఒకవైపు మూసి ఉంటుంది, ఇంకోవైపు చీలి ఉంటుంది. మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకు ఉండాలి, తిప్పి పెడితే దారిలో ఊడుతుంది. ఎక్కించాక చైన్‌ని నడుమ వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మామూలు బండ్లకు సుమారు అంగుళం ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి, ఒకచోట మరీ బిగుతుగా ఉంటే ఆ చోటును బట్టే వదులు పెట్టాలి.

9. క్లచ్ వైరు తెగినా బండి నడుస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక గంటలకొద్దీ కూర్చుంటారు. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, కాళ్లతో తోసి కొంచెం వేగం అందుకున్నాక మెల్లగా ఫస్ట్ గేరు వేయండి. ఒక కుదుపు ఇస్తుంది, పట్టుకుని ఉండండి. తర్వాతి గేర్లు యాక్సిలేటర్ వదులుతూ అదే క్షణంలో వేస్తే పడతాయి. ఆపేముందు న్యూట్రల్ చేసుకోవాలి. సంతలోనో, జాతర గుంపులోనో ఇలా నడపకండి, ఖాళీ రోడ్డు మీదే. వెంట కొత్త వైరు ఉంటే పాతదాని పక్కనే టేపు వేసి ముందే పరిచి ఉంచండి, అవసరం పడ్డప్పుడు రెండు కొసలు మార్చుకుంటే పని అయిపోతుంది.

వాగులో ఆగితే

10. రోడ్డు మీదినుంచి నీళ్లు పారుతుంటే దిగకండి. ఇది బండి రిపేర్ సంగతి కాదు గానీ రాయకుండా ఉండలేను. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే ముత్యంధార జలపాతం చూడడానికి వెళ్లినవాళ్లు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) బృందాలు వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. పొద్దున మోకాలి లోతు లేని వాగు సాయంత్రానికి మనిషి లోతవుతుంది, పైన ఎక్కడో పడ్డ వాన మీకు కనబడదు. 2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి. వాన ముదురుతుంటే ఊళ్లో ఆగిపోండి, అడవిలోకి రాకండి.

నిలకడగా ఉన్న చిన్న నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి, కిక్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, వెయ్యి రూపాయల పని ఇంజిన్ పని అవుతుంది. ముందు ఒడ్డుకు తోయండి. ప్లగ్ విప్పి, క్యాపును రంధ్రానికి దూరంగా పెట్టి, తాళం ఆఫ్‌లోనే పదిసార్లు కిక్ కొట్టండి, నీళ్లుంటే రంధ్రంలోంచి చిమ్ముతాయి. కిక్ లేని బండి అయితే పై గేరు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ప్లగ్ క్యాపు లోపల గుడ్డతో తుడవండి, చాలాసార్లు రోగమంతా ఆ క్యాపులోని తడే. ఎయిర్ ఫిల్టర్ తడిస్తే ఎండలో ఆరబెట్టండి. ముందు చక్రం ఎత్తి పట్టుకుంటే సైలెన్సర్‌లోని నీళ్లు కారిపోతాయి.

చివరగా ఇంజిన్ ఆయిల్ మూత విప్పి చూడండి. తేనె రంగులోనో, నల్లగానో ఉంటే సరే. పాలు కలిపిన చాయ్ రంగులో కనబడితే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, ఆ బండిని స్టార్ట్ చేయకండి, ట్రాలీ ఎక్కించాల్సిందే.

ఇక కాదు అనుకుంటే

11. అరగంట అయింది, కారణం దొరకలేదు, లేదా పొద్దు గుంకడానికి గంటన్నరే ఉంది. పనిముట్లు సర్దేయండి. ఇద్దరుంటే ఇద్దరూ కలిసే ఉండండి, ఒకరు బండి దగ్గర, ఒకరు అడవిలో ఒంటరిగా అన్న ఏర్పాటు చీకటి పడే వేళ వద్దు. మెయిన్ రోడ్డు మీద ఉంటే వచ్చే బస్సునో, ట్రాలీ ఆటోనో ఆపండి. లోపలి దారిలో ఉంటే మీరు దాటి వచ్చిన గూడెం వైపుకే నడవండి, ముందు ఏముందో తెలియని వైపుకు వద్దు. అడ్డదారి అని రోడ్డు వదలకండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్ల కింద ఎలుగుబంట్లు తిరుగుతాయి, తెల్లవారుజామునా, మునిమాపునా మరీ జాగ్రత్త. మాట్లాడుకుంటూ, చప్పుడు చేసుకుంటూ నడవండి.

గూడెంలో మనిషి కనబడితే హెల్మెట్ తీసి, పేరూ ఊరూ చెప్పి అడగండి. ఒకసారి చీకటి పడే వేళ ఒక కోయగూడెంలో ఒక తాత నా మాట సగం వినగానే, "బండి ఈడ పెట్టు బిడ్డా, పొద్దుగాల చూస్కుందువు" అని వాకిట్లో మంచం వాల్చాడు. పొద్దున వాళ్ల మనవడే బండిని పస్రా దాకా తీసుకెళ్లే ట్రాలీ మాట్లాడి పెట్టాడు. అలా సాయపడ్డవాళ్లకు డబ్బులివ్వబోతే చాలామంది తీసుకోరు. ఇంట్లో పిల్లలుంటే ఏదైనా పెట్టండి, తర్వాత ఆ దారిన పోయినప్పుడు ఆగి పలకరించండి.

కాలు పెట్టి తోయడం మన దగ్గర మామూలే, వెనక బండివాడు కాలితో మీ బండిని నెడుతూ రావడం. నాకు ఇష్టం లేదు, తప్పనిసరి అయితే పగటిపూట, ఖాళీగా ఉన్న సాపు రోడ్డు మీద, ఇరవై దాటకుండా చేయండి. తాడుతో బండికి బండి కట్టి లాగడం అసలొద్దు, ముందువాడు బ్రేకు వేస్తే వెనకవాడు పడతాడు.

ట్రాలీ ఎక్కిస్తే ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, గేరులో ఉంచి, పెట్రోల్ ట్యాపు మూసి, హ్యాండిల్‌కు రెండు వైపులా కిందికి లాగి తాళ్లు బిగించండి. సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి ఒక్క తాడు కడితే మొదటి గుంతలోనే పడిపోతుంది. తాడు ఒరుసుకునే చోట గుడ్డ పెట్టండి, బ్రేకు వైరు మీదినుంచి తాడు పోనివ్వకండి. కిరాయి ఎంతో, ఎక్కడిదాకో ఎక్కించే ముందే మాట్లాడుకోండి.

బండి లేచాక

12. స్టార్ట్ అయిన ఆనందంలో వెంటనే గేరు వేయకండి. ఐదు నిమిషాలు అక్కడే నడవనివ్వండి, మళ్లీ ఆగేదైతే అక్కడే ఆగాలి. పనిముట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి సంచిలో పెట్టండి, గడ్డిలో పడ్డ పానా రెండోసారి ఆగినప్పుడే గుర్తొస్తుంది. అర కిలోమీటరు మెల్లగా పోయి ఆగండి. పంక్చర్ వేసిన టైరును బొటనవేలితో నొక్కి చూడండి, చైన్ ఒకసారి ఆడించండి, వెనక చక్రం నడిమి భాగానికి చేయి దగ్గరగా పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మామూలే, చేయి పెట్టలేనంత కాలుతుంటే బ్రేకు పట్టేసి ఉంది, వదులు చేసుకోవాలి. నీళ్లలో దిగి వచ్చిన బండి అయితే మెల్లగా పోతూనే బ్రేకు నాలుగైదుసార్లు తేలిగ్గా అద్దండి, డ్రమ్ములోని తడి ఆరి పట్టు తిరిగి వచ్చేదాకా వేగం పెంచకండి.

అన్నీ సరిగ్గా ఉంటే బయల్దేరండి, ఇందాక మెసేజ్ పెట్టినవాళ్లకు "బండి లేచింది, వస్తున్నాం" అని ఇంకోటి పెట్టి.